రబ్బరుతో చెరిపిన గాంధారం

పద్నాలుగేళ్లుగా నా దగ్గర ఒక స్వరం ఉండిపోయింది. అది నాది కాదు. ఇంకొకరి పాటలోంచి నేను తీయించేసినది. దొంగతనం అనడానికి లేదు, నేను దాన్ని నలుగురిలో ఎక్కడా వాడుకోలేదు. పోనీ పొరపాటు అనుకుందామా అంటే అదీ కాదు. తెలిసే చేశాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు రాయడం లేదు. బందరులో సంగీతం పాఠాలు చెప్పుకుని బతికే మనిషినని తెలిస్తే చాలు. ఆవిడ పేరు కూడా మార్చి దయామణి గారని రాస్తున్నాను. పాటని మాత్రం మార్చలేదు. దాన్ని ఒకసారి మార్చాను కదా, ఇక చాలు.

మా ఇంట్లో సంగీతం మూడు తరాల నుంచి ఉంది. తాతగారు పాడేవారు. నాన్నగారు పగలు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం ఇంట్లో పాఠాలు. నాకు ఆ ఇల్లూ, ఆ చాపలూ, ఆ పద్ధతులూ అలాగే వచ్చాయి. అందులో ఒక పద్ధతి గురించి ముందే చెప్పాలి. మా దగ్గర ఎవరైనా పాటకి స్వరాలు రాసుకుంటే పెన్సిలుతోనే రాయాలి. గురువు విని, దిద్ది, సరే అన్నాక దాని మీదే పెన్నుతో రాయాలి. పెన్నుతో రాసింది ఇక మారదు. చిన్నప్పుడు నాన్నగారు సరే అనేదాకా పెన్ను ముట్టుకోవాలంటే నాకు భయం. తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్లకీ అదే భయం నేర్పాను. దాన్ని క్రమశిక్షణ అనుకునేదాన్ని.

దయామణి గారు దివిసీమలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసేవారు. నలభై దాటాక నా దగ్గరికి వచ్చారు. ప్రతి శనివారం డ్యూటీ చూసుకుని, చల్లపల్లి మీదుగా బస్సులో వచ్చేవారు. ఆ వయసులో సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టేవాళ్లు రెండు నెలలకి మించి ఉండరు. మొదటి రోజే ఆ మాట అనేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. "మా చర్చిలో పాడే పాత కీర్తనల మీద రాగం పేరు, తాళం పేరు వేసి ఉంటాయండీ. అవేంటో తెలుసుకోవాలని చిన్నప్పట్నుంచీ ఉంది. ఇప్పటికి కుదిరింది" అన్నారు. ఏడేళ్లు వచ్చారు. మా వాకిట్లో చెప్పులు విడిచేటప్పుడు కూడా ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉండేవారు.

ఆవిడ నాన్నగారు కాలవ లాకు దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యారు. నీరు వదిలినప్పుడు షట్టర్లు ఎత్తడం, వంతు అయిపోతే దించడం ఆయన పని. కాలవ చివర ఉండే పొలాలని మా వైపు శివారు భూములంటారు. నీరు అందరికీ చేరాక వాటికి చేరుతుంది. ఒక్కో ఏడాది చేరనే చేరదు. నారు పోసుకున్న రైతులు లాకు దగ్గరికొచ్చి నీళ్లెప్పుడని అడుగుతుంటే, చెప్పడానికి ఏమీ లేక నాన్న తలవంచుకుని నిలబడేవాడని ఆవిడ ఒకసారి చెప్పారు. నేను విన్నాను. విని, పాఠంలో పడ్డాను. ఆ మాట ఆవిడ లోపల పాటవుతోందని నాకేం తెలుసు?

ఒక శనివారం మిగతా పిల్లలు వెళ్లిపోయాక ఆవిడ సంచిలోంచి నోటుబుక్కు తీశారు. "నేనే కట్టానండీ, ఒక కృతి. ఆనందభైరవిలో. నవ్వకండి" అన్నారు. ఆ వేసవిలో గుడివాడలో ఒక సంగీత సభవాళ్లు కొత్తగా పాటలు కట్టేవాళ్లకి ఒక సాయంత్రం కేటాయించారు. గురువు విని సరే అన్న పాటే అక్కడ పాడాలి. ఆవిడకి అక్కడ పాడాలని ఉంది. నాన్నకి ఎనభై దాటింది, ఆయన వినగా ఒక్కసారి నలుగురిలో పాడాలని. "మొహమాటపడొద్దు మేడం గారూ. మీ మనసులో ఏమనిపిస్తే అదే చెప్పండి" అన్నారు.

పాడారు.

శివారు చేనికి నీరు రానీ, స్వామీ, ఆఖరున ఉన్నా నీదేనయ్యా. ఇదీ పల్లవి. ఇంత మామూలు మాటలు. ఏ స్వామో చెప్పలేదు. రామయ్య అనుకున్నా సరిపోతుంది, యేసయ్య అనుకున్నా సరిపోతుంది, కాలవల ఇంజినీరు అనుకున్నా సరిపోతుంది. "రానీ" అన్న మాట దగ్గర "రా" ని కాస్త లాగి, ఆ లాగడంలో ఆవిడ ఒక స్వరం తాకారు.

ఇక్కడ కొంచెం సంగీతం చెప్పక తప్పదు. ఆనందభైరవి రాగంలో గాంధారం కాస్త కిందగా ఉంటుంది. దాని పైన ఇంకో గాంధారం ఉంది, అంతర గాంధారం. అది ఆ రాగం ఇంటి మనిషి కాదు. అప్పుడప్పుడూ చుట్టంలా వచ్చి, ఒక్క క్షణం కూర్చుని వెళ్లిపోతుంది. అలా బయటినుంచి వచ్చే స్వరాన్ని అన్యస్వరం అంటారు. అది తప్పు కాదు. పెద్దవాళ్లు ఒప్పుకున్నదే. కాకపోతే ఎక్కడ పిలవాలో తెలిసి పిలవాలి. ఆవిడ దాన్ని "రా" మీద పిలిచారు. నీరు అంతదూరం నడిచి వచ్చి, ఆఖరి మడిలో అడుగుపెట్టినట్టు వినిపించింది.

స్టవ్ మీద పాలున్నాయని చెప్పి లోపలికి వెళ్లాను. స్టవ్ మీద ఏమీ లేదు. గట్టు పట్టుకుని నిలబడి ఏడ్చాను. ఎక్కువసేపు కాదు. రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో. బయట ఆవిడ శ్రుతి పెట్టె ఆపకుండా అలాగే ఉంచారు, ఆ శ్రుతి నాకు వినిపిస్తూనే ఉంది.

ఆ రెండు మూడు నిమిషాల్లో ఏం జరిగిందో నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. ముందు వచ్చింది సంతోషమే. అది నిజం, దాన్ని నేను కాదనను. తర్వాత నా పాటలు గుర్తొచ్చాయి. నేనూ కృతులు కట్టాను. పాతికేళ్లలో పదకొండు. అన్నిట్లోనూ తాళం లెక్క సరిపోతుంది, రాగానికి ఎక్కడా మచ్చ ఉండదు. ఒక్కదాన్నీ ఎవరూ రెండోసారి పాడమని అడగలేదు. మూడు తరాల చాపల మీద కూర్చున్నదాన్ని నేను. పాట వెళ్లి వెళ్లి లాకు లస్కరు కూతురి నోట్లో కూర్చుంది. ఇలాగే అనుకున్నాను, ఈ మాటల్లోనే. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా సిగ్గు దాచుకోవడానికైతే ఈ కాగితం ఎందుకు?

కళ్లు తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. అప్పటికి నా దగ్గర వాక్యం తయారుగా ఉంది.

"సాహిత్యం ఫరవాలేదండీ. కానీ పల్లవిలో అన్యస్వరం పడింది. రాగం చెడిపోతోంది అక్కడ."

ఆవిడ నోటుబుక్కులోకి చూసుకున్నారు. "రా దగ్గరా అండీ?"

"ఆ."

"మీరు నేర్పిన కృతిలో కూడా వస్తుంది కదండీ? అది చూసే ధైర్యం చేశాను."

నిజమే. నేను నేర్పిందే. ఇక్కడ నేను ఆగి ఉండాల్సింది. ఆగడానికి చోటు కూడా ఉంది. ఆవిడే చూపించారు.

"అక్కడ వేరండీ. అది పెద్దవాళ్ల కృతి. వాళ్లకి చెల్లుతుంది. మనం పెడితే తప్పు పాడినట్టే ఉంటుంది. అక్కడ విద్వాంసులుంటారు, నవ్వుతారు."

ఆవిడ నవ్వారు. "మా బైబిల్లో అన్యజనులంటే బయటివాళ్లు, అంటే మీరండీ. ఇక్కడికొచ్చేసరికి నేనయ్యానన్నమాట" అన్నారు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఆవిడకి ఆ మాట సరదాగా తోచింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగానో.

ఆవిడ సంచిలోంచి రబ్బరు తీసి ఆ స్వరాన్ని చెరిపారు. పైగా గట్టిగా, ఆనవాలు లేకుండా చెరిపారు. రబ్బరు పొట్టు నా చాప మీద పడుతుందని దోసిట్లోకి ఊది, లేచి వెళ్లి వాకిట్లో పారేసి వచ్చారు. నేను చెప్పిన స్వరం ఆ చోట రాసుకున్నారు. "ఇప్పుడు సరేనా అండీ? పెన్నుతో రాసుకోనా?" అని అడిగారు.

రాసుకోండి అన్నాను. నా పెన్ను నేనే ఇచ్చాను.

గుడివాడ సభకి నేనూ వెళ్లాను. దయామణి గారు వాళ్ల నాన్నగారిని కారులో తీసుకొచ్చారు. తెల్లటి పంచె, భుజం మీద ఉతికిన తువ్వాలు, ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడ ఎక్కడా తడబడకుండా పాడారు. "రా" దగ్గర నేను దిద్దినట్టే పాడారు. జనం చప్పట్లు కొట్టారు, అందరికీ కొట్టినంత. నవ్వుతారని నేను బెదిరించిన విద్వాంసులు పక్కవాళ్లతో మాట్లాడుకుంటున్నారు.

అయ్యాక నేను అభినందించడానికి వెళ్లాను. ఆయన కూతురి చెయ్యి పట్టుకుని ఉన్నారు. "బాగా పాడావమ్మా" అని, ఒక్క క్షణం ఆగి, "ఇంటికాడ పాడినప్పుడు నీరు చివరిదాకా వచ్చేదమ్మా. ఇవాళ ఎందుకో మధ్యలో ఆగినట్టుంది" అన్నారు.

ఆయనకి సంగీతం రాదు. సరిగమలు కూడా రావు. ముప్పై ఏళ్లు లాకు మీద నిలబడి నీరు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో చూసిన మనిషి.

"ఇదే కరెక్టు నాన్నా. మేడం గారు దిద్దారు" అన్నారు దయామణి గారు, నన్ను చూపిస్తూ. ఎంత గర్వంగా అన్నారని! ఆయన నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. "అమ్మగారు చెప్పాక ఇంకేముంది. మాకేం తెలుస్తాదండీ" అన్నారు. నేను తిరిగి దణ్ణం పెట్టాను. అప్పుడైనా చెప్పొచ్చు. ఆయన విన్నది నిజమని ఒక్క మాట అనొచ్చు. చప్పట్లు మోగిన చోట, అంతమందిలో, ఎలా అంటానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సోమవారం ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. ఆ సోమవారం వచ్చింది, వెళ్లింది. మరుసటేడు వానాకాలంలో ఆయన పోయారు.

ఇంతవరకే అయితే ఒక స్వరం పోయిందని ఊరుకునేదాన్నేమో. తర్వాత జరిగింది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. దయామణి గారు ఇంకో రెండు కృతులు కట్టారు. తెచ్చినప్పుడల్లా, పాడకముందే, "ఈసారి అన్యం ఏమీ పెట్టలేదండీ, జాగ్రత్తగా చూసుకున్నాను" అనేవారు. నిజంగానే పెట్టలేదు. తాళం లెక్క సరిపోయింది, రాగానికి మచ్చ లేదు. అచ్చం నా పాటల్లా ఉన్నాయి. వాటిని బాగున్నాయన్నాను. ఆ తర్వాత ఇంకోటి తేలేదు. "నాకింక రావట్లేదండీ" అన్నారు ఒక శనివారం, నొప్పి తగ్గుతుందా అని రోగి అడిగితే నర్సు చెప్పే గొంతుతో, నెమ్మదిగా. ఏడేళ్లలో నేను ఆవిడకి నా సంగీతం ఏమాత్రం అబ్బించానో తెలియదు గానీ, నా బెదురు మాత్రం బాగా అబ్బించాను. ఆ తర్వాత కొన్నాళ్లకి రావడం మానేశారు. గొడవేం లేదు. క్రిస్మస్‌కి కేకు, పండగలకి ఫోన్‌లో మెసేజీ, ఇప్పటికీ తప్పదు. ప్రతి మెసేజీలోనూ "మా గురువుగారికి" అని ఉంటుంది.

నాకు అసూయ మాత్రమే ఉండి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదా? చాలాసార్లు అలా అనుకోవడానికి ప్రయత్నించాను. సంగీతం చెప్పుకునేవాళ్ల మధ్య అసూయ కొత్తేం కాదు కదా అని. కానీ మా వాళ్లమ్మాయి ఎవరైనా ఆ పాట తెస్తే, ఆ స్వరం అక్కడ ఉంటే, నేను తీయమనేదాన్నా? ఏడ్చి, దగ్గరికి తీసుకుని, నాలుగు ఇళ్లకి ఫోన్ చేసి చెప్పేదాన్ని. "మన పిల్ల" అని చెప్పేదాన్ని. అన్యస్వరం అన్న మాట ఆ రోజు నా నోట్లోంచి రాగం గురించి రాలేదు. ఆవిడ తమాషాకి అన్నారు. నేను నిజంగానే అన్నాను.

పోయిన నెల ఆవిడని చూడటానికి దివిసీమ వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో బయటికి రావడం తగ్గించారని తెలిసింది. బస్సులో దారిపొడుగునా కాలవ పక్కనే వస్తుంటే, ఏ మాటతో మొదలుపెట్టాలో కూర్చుకుంటూ వెళ్లాను. రిటైరయ్యాక ఆవిడ చర్చిలో పిల్లలకి పాట నేర్పుతున్నారు. నన్ను చూసి సంబరపడిపోయి, నేను వద్దంటున్నా లేచి టీ పెట్టారు, పక్కింటావిడని పిలిచి మా గురువుగారని చెప్పారు. పాత నోటుబుక్కు తీసి చూపించారు. నా పెన్నుతో రాసిన పేజీ. రబ్బరుతో రుద్దిన చోట కాగితం పల్చబడి, అవతలి వెలుతురు కనిపిస్తోంది.

"పిల్లలకి కూడా ఇదే నేర్పానండీ" అని, పల్లవి పాడి వినిపించారు. "రా" దగ్గర ఆవిడ గొంతు చిన్నగా బిగుసుకుంది. నాకు తెలిసింది. ఆవిడే నవ్వేశారు.

"ఇంకా నోరు అటే పోతుందండీ అక్కడ. ఇన్నేళ్లైనా పాడు అలవాటు పోలేదు. లాగి పట్టుకుంటాను."

పద్నాలుగేళ్లు. పాడినప్పుడల్లా. తన గొంతు సరైన చోటికి వెళ్తుంటే, ఆవిడ దాన్ని తప్పనుకుని లాగి పట్టుకుంటున్నారు. నేను టీ తాగాను. గ్లాసు కింద పెట్టాను. కూర్చుకున్న మాట ఒక్కటీ బయటికి రాలేదు. పక్కింటావిడ ఉందని, వచ్చే బస్సు పోతే మళ్లీ గంట ఆగాలని, ఏవో సాకులు. నా చేతికి అరటిపళ్ల సంచి ఇచ్చి పంపారు.

ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నేను ఆ పాట పాడుకుంటాను. ఈ సంగతి కూడా చెప్పేయాలి. మధ్యాహ్నం పూట, బియ్యం ఏరుకుంటూ, బట్టలు మడతపెడుతూ. చెరపకముందు ఎలా ఉందో అలాగే. ఆ స్వరంతో ఆ పాట పాడే నోరు లోకంలో నాది ఒక్కటే. కట్టిన మనిషికి లేకుండా చేసి, నేను దాచుకుని పాడుకుంటున్నాను. మొదట్లో దొంగతనం కాదన్నాను కదా. రాస్తూ రాస్తూ ఇక్కడికి వచ్చేసరికి ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

క్షమించమని అడగడం లేదు. ఎవరిని అడగాలి? నీరు ఆగిందని చెప్పిన పెద్దాయన లేరు. ఆవిడ వెంటనే క్షమించేస్తారు, అదీ నా భయం. "పోనివ్వండి మేడం గారూ" అంటారు, నా ముఖం చూసి జాలిపడి ఇంకో టీ పెడతారు. నాకు ఆ తేలిక వద్దు. చెప్పాను, అంతే. చెప్పాక గుండె మీద చెయ్యి వేసుకుంటే కొంచెం ఊపిరి ఆడుతున్నట్టుంది.

ఈ కాగితాల నకలు ఒకటి దివిసీమకి పోస్టు చేస్తాను. పేరు మార్చినా మొదటి పేజీలోనే పోల్చుకుంటారు. అందుకని ఈ ఆఖరి నాలుగు మాటలూ మీతో కాదు, ఆవిడతో.

దయామణి గారూ, మనసులో ఏమనిపిస్తే అదే చెప్పమని అడిగారు కదా ఆ రోజు. ఇప్పుడు చెబుతున్నాను. మీ పాట విని నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. స్టవ్ మీద పాలు లేవు. చరణంలో మూడో పాదం కాస్త పొడుగైంది, ఒక మాట తగ్గించి చూడండి, ఊపిరి సరిపోతుంది. దిద్దాల్సింది అదొక్కటే. అది నేను చెప్పనే లేదు. పల్లవిలో "రా" దగ్గర మీరు పెట్టిన గాంధారం తప్పు కాదు. ఎప్పుడూ తప్పు కాదు. నాన్నగారు సరిగ్గానే విన్నారు. ఇక దాన్ని లాగి పట్టుకోకండి. పిల్లలకీ అలాగే నేర్పండి. పేజీ పల్చబడిన చోట రాయడానికి వీలుకాదేమో, పక్కన ఖాళీలో రాసుకోండి.

పెన్సిలు అక్కర్లేదు. పెన్నుతోనే రాయండి.